కల నేసే సాంచ

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. రాజం ఇంటి వెనక షెడ్డులో అలాంటివి నాలుగున్నాయి. పొద్దున్నే స్విచ్చేస్తే మొదటి మూడూ బుద్ధిగా తెల్ల బట్ట నేసుకుంటూ పోతాయి. గోడవారగా ఉన్న నాలుగోది మాత్రం, పక్కనున్న నులక మంచం మీద ఎవరు కునుకు తీస్తే వాళ్ల కల నేస్తుంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాడకట్టువాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాసేపు పడుకుని, లేచి, ఎవరి బట్ట వాళ్లు కత్తిరించుకుని పోతారు. ఏసయ్య తువ్వాళ్ల మీద ఎప్పుడూ మేకలే. రాములవ్వ కలలోకి పుట్టిల్లు తప్ప ఇంకోటి రాదు, ఆమె ఇంటి కిటికీలన్నిటికీ ఆ పరదాలే. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోరు. కరెంటు పోతే కల సగంలో తెగిపోతుందని మాత్రం విసుక్కుంటారు.

రాజం కూతురు సరిత జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆఖరు సంవత్సరం వాళ్లంతా ప్రాజెక్టు కింద బిజినెస్ ప్లాన్ రాయాలి. క్లాసులో సగం మంది టిఫిన్ సెంటర్లు పెట్టారు, మిగతా సగం మొబైల్ షాపులు పెట్టారు, కాగితం మీదే లెండి. సరిత, ఆమె జట్టులో ఉన్న కోరుట్ల అబ్బాయి రంజిత్ కలిసి కలల బట్టల కంపెనీ పెట్టారు.

మిగతావాళ్లకు అది మార్కుల గోల. సరితకు వాళ్ల బాపు, అంటే నాన్న, గోల. తెల్ల బట్టకు గిరాకీ పడిపోయి, రాజం గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు కొమురెల్లి చేతిలో ఎప్పుడో పాస్‌పోర్టు పెట్టేశాడు.

"మీ మేడం నీ ప్లానుకు సరే అంటే నేను యాడికి పోను బిడ్డా. లేకుంటే సాంచెలు పాతినుము కింద అమ్మి దుబాయ్ పోత" అన్నాడు. అతను సగం నవ్వుతూనే అన్నాడు కానీ, సరిత ఆ మాటను కొంగున ముడేసుకుంది.

ప్రాజెక్టులు చూసే సుమిత్ర మేడం ప్లాను చదివి పెదవి విరిచింది.

"బట్ట మంచిగనే ఉన్నది సరితా. కొనేటోళ్లు ఎవరు? ఒకరి కల ఇంకొకరు ఎందుకు కొంటరు? వంద చీరలకు ఆర్డరొస్తే వందా ఒక్క తీరుగ ఎట్ల ఇస్తరు? సోమవారం నాటికి జవాబు తెండ్రి."

వందా ఒక్క తీరుగా రావాలంటే మంచం మీద పడుకున్నవాళ్లందరికీ ఒకే కల పడాలి. ఆదివారం రంజిత్ సిరిసిల్ల వచ్చాడు. సరిత అతని చేతిలో చిలుక బొమ్మ పెట్టింది.

"దీన్నే సూసుకుంట పండుకో. ఇంకేం సోంచాయించకు."

రంజిత్ పడుకున్నాడు. బట్ట మీద పరీక్ష హాలొచ్చింది, బెంచీల మధ్య ఓ చిలుక తిరుగుతూ పిల్లల జేబులు వెతుకుతోంది.

"చిలుకైతే ఒచ్చింది గదా!" అన్నాడు రంజిత్ లేచి కూర్చుని.

మళ్లీ పడుకోబెట్టారు. ఈసారి చిలుక లేదు, అంతా బిర్యానీయే. సరిత కడుపుబ్బ నవ్వింది. తర్వాత షెడ్డు వెనక్కి పోయి ఏడ్చింది. బాపు వెళ్లిపోతాడని ఆమెకు అప్పుడు నిజంగా తెలిసొచ్చింది.

ఆమె కళ్లు తుడుచుకుని వచ్చేసరికి కొమురెల్లి బండి వాకిట్లో ఆగింది.

"వీసా ఒచ్చింది రాజమన్నా. పైవారమే ప్రయాణం, సామాను సదురుకో" అన్నాడు. కోనరావుపేట నుంచి ఎండన పడి వచ్చినట్టున్నాడు, మొహమంతా చెమట. రాజం చాయ్ పెట్టించడానికి ఇంట్లోకి పోయాడు. ఈలోగా కొమురెల్లి నులక మంచం మీద నడుం వాల్చాడు. సాంచెల చప్పుడు జోలపాటలా పనిచేస్తుంది, రెండు నిమిషాల్లో గురక మొదలైంది.

నిద్రపోయే మనిషిని లేపడం ఆ ఇంట్లో అలవాటు లేదు. నాలుగో సాంచ తన పని తాను చేసుకుపోయింది.

ముందు ఓ రేకుల గది వచ్చింది. అందులో పరుపు పక్కన పరుపు. వాటి మీద పని దొరకక, తిరిగి రాలేక కూర్చున్న మనుషులు. చాయ్ గ్లాసుతో వచ్చిన రాజం వంగి చూసి ఒక్కొక్కరినీ గుర్తుపట్టాడు, అందరూ కొమురెల్లి పంపినవాళ్లే. ఒకడు బుగ్గారం పిల్లగాడు, ఇంకొకడు వెల్గటూర్ నుంచి పోయినవాడు. అందరి చెవుల దగ్గరా ఫోన్లున్నాయి. బట్ట చివర కొమురెల్లి ఉన్నాడు. తన ఫోను దిండు కింద దాచి, ఆ దిండు మీద కూర్చున్నాడు.

కొమురెల్లి లేచి ఆ బట్టను చాలాసేపు చూశాడు. రాజం చల్లారిపోతున్న చాయ్ అందించాడు.

"గీ వీసా నీకొద్దన్నా" అన్నాడు కొమురెల్లి. సంచిలోంచి పాస్‌పోర్టు తీసి సాంచ మీద పెట్టాడు. "ఆడ అందరు మంచిగనే ఉన్నరని నాకు నేనే జెప్పుకుంటున్న."

కత్తెర అడిగి తన బట్ట తాను కత్తిరించుకున్నాడు. అది వంకరగా తెగింది. దాన్ని చంకలో పెట్టుకుని వాకిట్లో బండి పక్కన నిలబడి ఎవరికో ఫోను కలిపాడు.

సోమవారం జగిత్యాలలో సుమిత్ర మేడం మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"కొనేటోళ్లు దొరికిండ్రా?"

"బట్ట అమ్ముతలేం మేడం" అంది సరిత. "మంచం కిరాయికిస్తం. గల్ఫ్ పోయేటోళ్లు పాస్‌పోర్టు ఇచ్చే ముందు, ఆ తీసుకునే మనిషిని మా షెడ్డుల ఒక్క కునుకు తియ్యమంటం." తర్వాత కొమురెల్లి సంగతి చెప్పింది.

మేడం కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా మళ్లీ తుడిచింది.

"మా తమ్ముడు మస్కట్ పోతనంటున్నడు. పైవారం పాస్‌పోర్టు ఇస్తడట" అంది నెమ్మదిగా. "ఆ ఏజెంటును తోల్కొస్త, ఆదివారం మీ మంచం ఖాళీగుంటదా సరితా?"

రంజిత్ ప్లానులో 'కొనేవాళ్లు' అని రాసి ఖాళీగా వదిలేసిన గడిలో మేడం పేరు రాశాడు. సరిత వరండాలోకి పరిగెత్తి ఇంటికి ఫోను చేసింది. అవతల సాంచెల చప్పుడు.

"బాపూ, మంచం నులక వదులైంది. ఆదివారం నాటికి బిగియ్యి."