తిలకవతి చుట్టిన కాయిల్

ముదలియార్‌పేటలో మోటార్లు రీవైండింగ్ చేసే చిన్న అంగడి తిలకవతిది. తండ్రి పోయాక పన్నెండేళ్లుగా ఒక్కతే నడుపుతోంది. ఒక ఆదివారం లాస్‌పేటలోని ప్రైవేటు కాలేజీ లెక్చరర్ ఉమామహేష్, చేతిలో పీవీసీ గొట్టం పట్టుకుని ఆ అంగడికి వచ్చాడు. యానాం మనిషి, ఉద్యోగానికి ఈ తమిళ ఊరికి వచ్చాడు.

“దీని మీద సన్నటి రాగితీగ పక్కపక్కన చుట్టాలండీ. పన్నెండొందల చుట్లు. చేసిపెడతారా?”

“ఏందానికి సార్?”

“టెస్లా కాయిల్ అండీ. మెరుపులు కొడుతుంది. ఆ మెరుపులతోనే పాట పాడిద్దాం.”

ఆ మాట ఆమెను పట్టుకుంది. చుట్టి ఇచ్చి ఊరుకోలేదు, తనే కాలేజీ ల్యాబ్‌కు వెళ్లింది. స్విచ్ వేస్తే ఏమీ జరగలేదు. ఉమామహేష్ పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాడు. ఆమె కాయిల్ అడుగున ఉన్న లావు తీగ చుట్టు కొసలు రెండూ విప్పి, తారుమారు చేసి బిగించింది. వెంటనే పైన వేలెడు మెరుపు లేచింది. పాట పెడితే మాత్రం ట్రాన్సిస్టర్లు టప్పుమని పేలిపోయేవి. మెరుపు సెకనుకు ఎన్ని దెబ్బలు కొడితే స్వరం అంత పైకి పోతుంది. ఒక్కో దెబ్బ మరీ పొడుగైతే ట్రాన్సిస్టర్ తట్టుకోలేదు. ఏడు పేలాక ఆమెకు ఆ సంగతి తెలిసివచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, పాటను దాచే చిన్న డబ్బాలో దెబ్బల నిడివి తగ్గించడం నేర్చుకుంది. ఎనిమిది ఆదివారాలు పోయాక కాయిల్ పాడింది.

ప్రదర్శన రోజు విలేకరి వచ్చాడు. కాయిల్ పక్కన నిలబడ్డ తిలకవతిని చూసి ఎవరని అడిగాడు.

“ల్యాబ్ ఊడ్చడానికి వస్తుందండీ,” అన్నాడు ఉమామహేష్.

అందరూ వెళ్లాక ఆమె అడిగింది. “ఏంది సార్ అట్ట చెప్తిరి?”

“తీగ చుట్టడానికి చేతులుంటే చాలమ్మా. బుర్ర నాది కదా.”

మర్నాడు పేపర్లో అతని ఫొటో పడింది. తిలకవతి ఆ కాగితం మడిచి పనిముట్ల డబ్బాలో పెట్టుకుంది. రోజూ డబ్బా తెరిచినప్పుడల్లా ఆ ముఖం కనబడాలని.

ఆరు నెలలకు కాలేజీ వాళ్లు ఉమామహేష్‌కు సన్మానం తలపెట్టారు. సభలో కాయిల్ స్వాగత గీతం పాడాలి. అదేమో బుస్సుమనడం తప్ప పాడటం లేదు. ల్యాబ్ అటెండరు కరుప్పన్ అంగడికి వచ్చాడు. అతనిదీ తెలుగు ఇల్లే, వెనక వీధి.

“సార్ నిన్ను పిలవమన్నాడమ్మా. వస్తావా?”

“వస్తా అన్నా,” అంది తిలకవతి. అంత తొందరగా ఒప్పుకుంటుందని కరుప్పన్ అనుకోలేదు.

నాలుగు రోజులాగి, సభ ముందు రోజు ల్యాబ్‌కు వెళ్లింది. లోపం అరగంటలో దొరికింది. ఎవరో గొట్టాన్ని తీగ పట్టి లాగారు. ఎర్త్‌కు పోయే కొస వార్నిష్ కింద విరిగి, తగిలీ తగలకుండా ఉంది. గీకి, అతికించి, పాట పెట్టి చూపించింది. ఉమామహేష్ తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె కాయిల్ పాట డబ్బాలోంచి స్వాగత గీతం తీసేసింది. ఆ నాలుగు రోజులూ ఫోన్లో ఒక్కో దెబ్బా కూర్చుకుని తెచ్చిన వేరే పాటను అందులో పెట్టింది.

శనివారం పొద్దున సభ. ఉమామహేష్‌కు శాలువా కప్పారు. అతనే వెళ్లి స్విచ్ వేశాడు. ఊదారంగు మెరుపులు లేచాయి. హాలంతా మోగింది. అది చావు మేళం. ఈ ఊళ్లో పాడె ముందు కొట్టే దరువు, చిన్నపిల్లలకు కూడా తెలిసిందే.

ముందు వరుస బిగుసుకుపోయింది. వెనక విద్యార్థులు ఈలలు వేసి, శవం ముందు ఆడే ఆట మొదలుపెట్టారు. ఉమామహేష్ చిన్నప్పుడు యానాంలో విన్న చావు డప్పు వేరు. అతను ఆ ఈలలు తనకేననుకుని, నవ్వుతూ చేతులు జోడించాడు. అప్పుడు హాలంతా పగలబడి నవ్వింది. మూలన నిలబడ్డ తిలకవతికి కడుపు నిండినట్లయింది. ఆరు నెలల్లో ఏ పూటా అంత నిండలేదు.

అంతలో తలుపు దగ్గర కరుప్పన్ కనబడ్డాడు. తుండుతో ముఖం కప్పుకుని బయటికి నడుస్తున్నాడు. అతని భార్య పోయి నెల తిరగలేదు. ఆ రోజు ఇదే మేళం మోగుతుంటే తిలకవతీ శవం వెంట వీధి చివరిదాకా నడిచింది. ఈ దరువు కూర్చేటప్పుడు ఆమెకు అది గుర్తుకే రాలేదు.

ఉమామహేష్ ఆమెను వరండాలో పట్టుకున్నాడు. ఆ మేళం ఏమిటో ఎవరో చెప్పినట్లున్నారు, శాలువా ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“నీ మీద ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇస్తాను.”

“ఇయ్యండి సార్. ఊడ్చే ఆడదానికి ఆ పాట డబ్బా లోపల పని ఎట్ట తెలిసె అని అడుగుతారు. ఏం చెప్తారు?”

చివరికి అతనే, తన పొరపాటు వల్లే వేరే పాట మోగిందని ప్రిన్సిపాల్‌కు రాసిచ్చాడు. విద్యార్థులు అతన్ని సావుమేళం సార్ అని పిలవసాగారు. ఏడాది తిరగకుండానే యానాం వెళ్లిపోయాడు.

సభ జరిగిన సాయంత్రమే తిలకవతి కరుప్పన్ ఇంటికి వెళ్లింది. అతను గడప మీద కూర్చుని ఉన్నాడు.

“ఆయన్ని కొట్టాలనే చేస్తి అన్నా. వదిన సంగతి నా తలపులో లేకపాయె.”

“తెలుసమ్మా. నాకు తగిలింది.” తుండు భుజాన వేసుకుని, “మళ్లా అవకాశం వస్తే చేస్తావా?” అన్నాడు.

అతనితో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు ఆమెకు.

“చేస్తా. నువ్వు ఆడ లేనప్పుడు.”

కరుప్పన్ నవ్వలేదు. పక్కకు జరిగి, ఆమెకు గడప మీద చోటిచ్చాడు.