ఎవరూ ఉండని ఇంటి బరువు

కనకరత్నం డ్యూటీ పొద్దున్న ఐదూ నలభైకి మొదలవుతుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, మధ్యాహ్నం రెండింటి వరకూ అదే రోడ్డు. పల్లెవెలుగు బస్సు. డ్రైవరు ఇమ్మానుయేలు. ఉంగుటూరులో కూరగాయల గంపలు ఎక్కుతాయి, కైకరంలో కాలేజీ పిల్లలు ఎక్కుతారు, భీమడోలు వచ్చేసరికి బస్సులో కాలు పెట్టే చోటుండదు. పదమూడేళ్ళుగా మెడలో టికెట్ మిషను వేసుకుని ఆ జనంలోనే అటూ ఇటూ ఈదుతూ, కాస్త ఖాళీ దొరికినప్పుడు కిటికీలోంచి ఇళ్ళు చూస్తుంది.

ఇళ్ళకేం, బోలెడన్ని. సగానికి సగం తాళాలు వేసినవే. కొనుక్కున్నవాళ్ళు ఎక్కడో ఉంటారు, ధర పెరిగాక అమ్ముదామని అట్టే పెడతారు. మనిషి అలికిడి లేని ఇళ్ళు ఆ ప్రాంతంలో తేలికైపోతాయి. మొదటి ఏడాది గుమ్మానికీ మెట్టుకీ మధ్య వేలు దూరుతుంది. మూడో ఏడాదికి పిల్లి దూరుతుంది. ఐదారేళ్ళు గడిస్తే మేకలు ఎండపూట కిందకి చేరి పడుకుంటాయి. యజమానులు చేపల చెరువుల దగ్గర వాడే నైలాను తాళ్ళు తెచ్చి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, ఇల్లు కట్టేసి వెళ్ళిపోతారు. పంచాయతీవాళ్ళు పన్ను మామూలుగానే వేస్తారు. కరెంటువాళ్ళు సర్వీసు వైరు కాస్త వదులు చేస్తారు, అంతే.

ఆ ఇళ్ళ గోడల మీద ‘అమ్మబడును’ అని రాసేది కనకరత్నం భర్త సత్యనారాయణమూర్తే. ఫ్లెక్సీలు వచ్చాక పెయింటర్లకి మిగిలిన పని అదొక్కటీ. పైకి లేచిన గోడ మీద రాయాలంటే నిచ్చెన కావాలి కాబట్టి వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు.

శ్రావణంలో వాళ్ళుంటున్న పోర్షన్ ఓనరుగారు వచ్చి, దీపావళికల్లా ఖాళీ చేయమన్నారు.

“అమ్మకానికి పెడుతున్నామమ్మా. ఏమీ అనుకోకు.”

“అమ్ముడయ్యేదాకా మేముంటాం కదండీ. బేరం కుదిరాక వెళ్ళిపోతాం,” అంది కనకరత్నం.

“అదెలాగమ్మా? మనుషులున్న ఇల్లు నేలకి కరుచుకుని ఉంటుంది. లేచిన ఇంటికే రేటు లేస్తుంది.”

ఆమెకి అర్థం కాలేదు. పదకొండేళ్ళు అద్దె కట్టిన ఇల్లు. కూతురు పింకీ పదో తరగతి. గూడెంలో అద్దెకి తిరిగితే ప్రతి వీధిలోనూ ఖాళీ ఇళ్ళే, ప్రతి ఇల్లూ తాళ్ళ మీదే, ఒక్కరూ అద్దెకివ్వరు. పోనీ కొందామని ఏలూరులో అడిగితే చెప్పిన ధర విని మూర్తి నవ్వేశాడు. భయం వేస్తే నవ్వడం అతనికి అలవాటు.

“భీమడోలులో చూద్దామండీ,” అంది ఆమె. “చిన్న ఊరు. సినిమాకెళ్ళాలన్నా, బట్టలు కొనాలన్నా బస్సెక్కాల్సిందే. అక్కడైనా మనలాంటివాళ్ళకి అందకపోతుందా?”

భీమడోలు సెంటరుకి రెండు వీధుల అవతల గంగాధరరావుగారి ఇల్లు ఉంది. ఆయనది కైకలూరు, రొయ్యల మేత వ్యాపారం. ఎనిమిదేళ్ళ కిందట కొన్నారు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. ఆదివారం పూట ఆయన కారులో వచ్చి, డిక్కీలోంచి అల్యూమినియం నిచ్చెన తీసి గుమ్మానికి ఆనించారు. ఇల్లు మనిషి గుండెల ఎత్తున నిలబడి ఉంది. గాలి వీచినప్పుడల్లా తాళ్ళు కిర్రుమంటున్నాయి.

“జాగ్రత్తగా ఎక్కండమ్మా. మనిషెక్కితే కొంచెం దిగుతుంది, కంగారుపడకండి.”

కనకరత్నం లోపల అడుగుపెట్టగానే ఇల్లు బెత్తెడు దిగింది. పడవలో కాలు పెట్టినట్టు అనిపించింది. వంటింటి కిటికీ తీసి చూసింది. గట్టు మీద చెయ్యి వేసి, పొయ్యి ఇక్కడ, బిందె ఇక్కడ అనుకుంది. అనుకోకూడదని తెలిసి కూడా అనుకుంది.

“ఎంత చెబుతున్నారండీ?” అన్నాడు మూర్తి కింద నుంచి.

“యాభై ఎనిమిది.”

మూర్తి నవ్వాడు. కనకరత్నం కిటికీలోంచి తల బయటపెట్టింది. బ్యాంకువాళ్ళు ఆమె జీతం చూసి ఎంత లాగినా ఇరవై దాటమన్నారు.

“భీమడోలులోనా అండీ? ఏముందండీ ఇక్కడ అంత?”

“రోడ్డు ఇంకా వెడల్పు చేస్తారంటున్నారు కదమ్మా.”

“రోడ్డు వెడల్పయితే ఇక్కడ ఆగకుండా పోతారు కదండీ?”

గంగాధరరావుగారు ఒక క్షణం ఆలోచించారు. “అదీ నిజమే,” అన్నారు మర్యాదగా. “కానీ పక్కాయన అరవై చెబుతున్నాడు.”

“ఆయనది అమ్ముడైందా అండీ?”

“లేదు.”

“మరి మీదెవరైనా అడిగారా అండీ, ఈ ఎనిమిదేళ్ళలో?”

“ఎవరూ రాలేదమ్మా. అందుకే తగ్గించలేదు. ఎవరో ఒకరు వచ్చి ఇంతకిస్తారా అంటే కదా తగ్గించేది?” ఆయన మాటలో వెటకారం లేదు. “అసలు ఇల్లు లెక్కలోకి తీసుకోకండి. పాతది, దానికి విలువ లేదు. ఈ డబ్బంతా స్థలానికే.”

కనకరత్నం నిచ్చెన దిగి ఆ స్థలం వైపు చూసింది. మూడు సెంట్లు. ఇంటి నీడలో మూడు మేకలు, ఒక కుక్క పడుకుని ఉన్నాయి. మూడు సెంట్లు ఆమెకీ ఉన్నాయి. అదే ఊరికి దక్షిణాన, కొల్లేరు వైపు దిగే డొంక పక్కన వాళ్ళమ్మ ఇచ్చిన పల్లపు ముక్క. ఏడాదిలో ఆరు నెలలు అందులో నీళ్ళుంటాయి. మెరక చేయాలంటే వందల ట్రాక్టర్ల మట్టి కావాలి. దాన్ని ఎవరికైనా అమ్మజూపితే ముందు చెప్పులు విప్పి, తర్వాత దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. మట్టి అదే, ఆకాశం అదే, మధ్య దూరం రెండు కిలోమీటర్లు.

ఆ వారమంతా టికెట్లు కొడుతూ ఎక్కినవాళ్ళనల్లా అడిగింది. భీమడోలులో ఇళ్ళకి అంత రేటెందుకండీ? రొయ్యల డబ్బండీ, అన్నారొకరు. రొయ్య పోయాక జనం డబ్బు తెచ్చి మట్టిలో పెడుతున్నారండీ, అన్నారు పక్కనే కూర్చున్నవాళ్ళు. బయట ఉన్నవాళ్ళు కొంటున్నారు. బయట ఉన్నవాళ్ళు అమ్మేస్తున్నారు. గూడెంలో పెరిగింది కాబట్టి ఇక్కడ పెరిగింది. ఇక్కడ పెరిగింది కాబట్టి గూడెంలో పెరిగింది. ప్రతి మాటా విన్నప్పుడు సబబుగానే ఉండేది. ఏలూరు స్టాండులో దిగి టీ తాగుతూ అన్నీ కలుపుకుంటే ఏదీ మిగిలేది కాదు.

“మీకేమైనా తెలుసా ఇమ్మానుయేలుగారూ?” అంది చివరికి.

“నేను రోడ్డు చూస్తానమ్మా,” అన్నాడు ఆయన. “ఇళ్ళు చూస్తే బండి పక్కకి పోతుంది.”

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఉత్తరపు గాలి, ఆగని వాన. మూడో రోజు పదకొండింటికి బస్సు భీమడోలు సెంటరులో ఆగి ఉంది. కిటికీ వైపు కూర్చున్న ముసలామె, “అయ్యో, ఎవరిదో ఇల్లు పోతుంది,” అంది. అందరూ అటు ఒరిగారు. రెండు తాళ్ళు తోకల్లా వేలాడుతుండగా ఇల్లొకటి కరెంటు తీగల పైనుంచి, కొబ్బరి మొవ్వులు రాసుకుంటూ దక్షిణానికి పోతోంది. వరండాలో ఒక పిల్లి కూర్చుని ఉంది. గోడ మీద మూర్తి రాసిన అక్షరాలూ, కింద గంగాధరరావుగారి నంబరూ కనకరత్నం గుర్తుపట్టింది. ఫోను తీసింది.

“గంగాధరరావుగారండీ, కండక్టరు కనకరత్నాన్నండి. మీ ఇల్లు తెగిపోయిందండి. కొల్లేరు వైపు పోతోంది.”

అవతల ఆయన మెల్లగా అడిగారు. “స్థలం ఉంది కదమ్మా?”

“స్థలం... ఉందండి.”

“హమ్మయ్య.”

ఆ హమ్మయ్య చెవిలో మోగుతుండగానే ఆమె గూడెం చేరి డ్యూటీ దిగింది. మర్నాటికి గాలి తగ్గింది. ఇల్లు ఎంతో దూరం పోలేదనీ, మురుగుకాలవ గట్టు మీద రెండు తాటిచెట్ల మధ్య ఇరుక్కుందనీ ఎక్కిన చేపల కూలీలు చెప్పారు. ఆ తాటిచెట్లు ఆమెకి తెలుసు. అక్కడి నుంచి వాళ్ళమ్మ ఇచ్చిన ముక్క కిలోమీటరు కూడా ఉండదు. ఆ పూట ముగ్గురికి తప్పు చిల్లర ఇచ్చింది. రెండింటికి మిషను అప్పజెప్పి, డిపో గోడ పక్కన నిలబడి మళ్ళీ ఫోను చేసింది.

“ఇల్లు వెనక్కి తెచ్చుకుంటారా అండీ?”

“ఎందుకమ్మా? ఖాళీ స్థలమైతే ఇంకో నాలుగు ఎక్కువ పలుకుతుందట. పడగొట్టే ఖర్చు కూడా తప్పింది.”

“అయితే... మమ్మల్ని తీసుకోమంటారా అండీ?”

మోసమేమైనా ఉందేమోనని ఆయన చూసుకుంటున్నట్టుంది. ఆమెకీ అదే అనుమానం. యాభై ఎనిమిది లక్షల్లోంచి స్థలం తీసేస్తే ఇల్లు. స్థలం ఆయన దగ్గరే ఉంది. మరి తనడుగుతున్నది ఏమీ కానిదే కదా? ఏమీ కానిదాన్ని అడగడానికి ఇంత సిగ్గెందుకు?

“తీసుకోండమ్మా,” అన్నారు చివరికి. “స్థలం మీద మీకేమీ హక్కు లేదని మాత్రం ఒక కాగితం రాసివ్వండి.”

చెరువుల దగ్గర వలలు లాగించే మేస్త్రి ఏసోబు పన్నెండు మందిని తెచ్చాడు. ముందు ఆమె ముక్కలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఎనిమిది సిమెంటు స్తంభాలు పాతాడు. తర్వాత అందరూ తాటిచెట్ల దగ్గరకి వెళ్ళారు. ఇల్లు ఒక పక్కకి ఒరిగి, చెట్ల మధ్య మెల్లగా ఊగుతోంది.

“ఎవరూ ఎక్కకండి, దిగిపోద్ది,” అన్నాడు ఏసోబు. “తేలిగ్గా ఉండగానే లాగాలండి.”

నాలుగు తాళ్ళు, తాడుకి నలుగురు. కనకరత్నం కొంగు బిగించి ముందు తాడు పట్టుకుంది. మూర్తి ఆమె వెనక పట్టుకున్నాడు. పింకీ స్కూలు యూనిఫాంలోనే వచ్చి మూడో తాడు అందుకుంది. గట్టు వెంట ఇంటిని లాక్కెళుతుంటే ఎదురొచ్చిన సైకిళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఒకాయన మాత్రం ఆగి, “ఎంతకి కొన్నారండీ?” అని అడిగాడు. కనకరత్నం తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని లాగింది. లాగుతున్నంతసేపూ ఆమెకి భయమే. తాడు తెగుతుందని కాదు. ఎవరో వచ్చి, అమ్మా, ఇందులో పొరపాటు జరిగింది, ఇటిచ్చేయండి అంటారని.

ఎవరూ రాలేదు.

స్తంభాల మీదకి తెచ్చి కట్టేసరికి పొద్దు వాలింది. ఇల్లు స్తంభాలకి మూరెడు పైన నిలబడింది. దీపావళికి రెండు రోజుల ముందు సామాన్లు ఎక్కించారు. బీరువా ఎక్కితే నాలుగు వేళ్ళు దిగింది. బియ్యం బస్తాకి కొంచెం. పాలు పొంగించినప్పుడు మరికొంచెం. మూర్తి గోడ మీద తను రాసినదానికి సున్నం కొట్టాడు. పింకీ చదువుకుంటూ గట్టిగా అప్పజెబుతుంటే కూడా దిగేదేమో, ఎవరూ కొలవలేదు. రాత్రులు కప్పల గోల, పొద్దున్నే గూడకొంగలు. ఎన్ని చేసినా రెండు వేళ్ళ సందు మాత్రం మిగిలిపోయింది. గాలేస్తే ఇల్లు సన్నగా కదిలేది. గిన్నెలు ఒకదానికొకటి తగిలేవి. ఆ చప్పుడుకి కనకరత్నం ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఇంకా మనది కాదేమో, అనుకునేది.

మాఘంలో ఒక ఆదివారం గంగాధరరావుగారు వచ్చారు. కారు డొంక మొదట్లోనే ఆపేసి, పంట్లాం మడుచుకుని నడిచి వచ్చారు. ఇల్లు ఇచ్చేయమంటారేమో అనుకుంది కనకరత్నం.

“రండి, లోపలికి రండి.”

“ఊరికే వచ్చానమ్మా. స్థలం చూసుకోవడానికి వచ్చి, ఇటు చూద్దామనిపించింది.”

“అమ్ముడైందా అండీ?”

“అరవై రెండు చెబుతున్నాను. ఎవరూ రాలేదు.” గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలియజూశారు. “ఇదిప్పుడు ఎంత చెబుతున్నారు?”

“మేం అమ్మడం లేదండి.”

“అది తెలుసమ్మా. ఎంత చెబుతున్నారు?”

ఆమె మూర్తి వైపు చూసింది. మూర్తి ఈసారి నవ్వలేదు. “మాకు తెలియదండి,” అన్నాడు. “ఎలా చెప్పాలో కూడా తెలియదు. మీరెలా చెప్పారండీ, అప్పుడు?”

గంగాధరరావుగారు చెప్పులవైపు చూశారు. “నిజం చెప్పమంటారా? పక్కాయన అరవై అన్నాడని నేను యాభై ఎనిమిదన్నాను. ఆయనెందుకన్నాడో అడగలేదు. మొన్న ఆయన కనిపిస్తే అడిగాను. నేను యాభై ఐదంటానని ఎవరో చెప్పారట, అందుకని అరవై అన్నాడట.”

కనకరత్నం టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆయన చెప్పులు విడిచి, వరండాలోంచి ముందుగదిలోకి వచ్చి, పింకీ చాప మీద పుస్తకాలు జరిపితే కింద కూర్చున్నారు. గోడకి వీపు ఆనించారు. కొల్లేరు మీంచి గాలి వంటింటి కిటికీలోంచి దూరి, గది దాటి వీధి గుమ్మంలోంచి పోతోంది.

“ఈ గదిలో గాలి ఇలా ఆడుతుందని నాకు తెలియదమ్మా,” అన్నారు. “ఎనిమిదేళ్ళూ ఒక్కసారి కూర్చోలేదు.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. కనకరత్నం గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. కాళ్ళ కింద నేల మెత్తగా కదిలింది. తర్వాత ఎనిమిది స్తంభాల మీదా ఒక్కసారే బరువైనదేదో ఆనిన చప్పుడైంది.

గాలి వీస్తూనే ఉంది. గిన్నెలు కదల్లేదు.

“టీ చల్లారిపోతుందే,” అన్నాడు మూర్తి.

“ఉండండి,” అంది ఆమె గొంతు తగ్గించి. “ఆయన్ని కాసేపు కూర్చోనివ్వండి.”