రైలు దూకకూడదు

రైలు ఇంకొక్కసారి మంచె మీంచి దూకితే వెనక కాళ్లు పడిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

రైలంటే ఆంజనేయులి కుక్క. పొట్టి కాళ్లు, బారెడు నడుము. నాలుగేళ్ల కిందట హనుమాన్ జంక్షన్‌లో ఎవరో కారువాళ్లు వదిలేసి పోతే, టీకొట్టు బల్ల కింద వణుకుతూ అతని కంటపడింది. దాని ఆకారం చూసి టీకొట్టువాడే ఆ పేరు పెట్టాడు. అప్పటినుంచి రెడ్డిగూడెం అవతల మామిడితోటలో కాపలా ఇద్దరిదీ. పూత నుంచి కోత దాకా ఐదు నెలలు, తోటలో మూడో ప్రాణి ఉండదు. కోతులు వచ్చాయంటే ఆంజనేయులు ఛాతీ ఎత్తు మంచె మీద నిలబడి "హోయ్" అని కేక పెట్టేవాడు. కేక పూర్తికాకముందే రైలు కిందికి దూకి చెట్ల మధ్యకి దూసుకుపోయేది. రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు. అతను రోజు మొత్తంమీద గొంతు విప్పేది ఆ కేకకే. మిగతా మాటలు ఎవరితో ఆడాలి?

ఒక పొద్దున రైలు లేవబోయి వెనక భాగం ఈడ్చింది. ఆంజనేయులు దాన్ని చంకలో ఇరికించుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

"అలా ఎత్తకండి," అంది డాక్టర్ హరిత. "కాళ్లు అలా వేలాడితే బరువంతా వెన్నుమీద పడుద్ది. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తుంటి కింద. నడుము బల్లలా ఉండాలి. మెడకి తాడొద్దు, ఛాతీ చుట్టూ తువ్వాలు కట్టండి. ఏం పెడుతున్నారేంటి?"

"పెరుగన్నమండీ. నాతో సమానంగా తింటది."

"కనపడుతోంది. సగం చేయండి. బరువు తగ్గితే కీళ్లు బతుకుతాయి. దూకడం మాత్రం అస్సలు కుదరదు."

"నిన్నటిదాకా గెంతులేసిందండీ. ఒక్కసారైనా కుంటలేదు."

"మీరు రసాలు కోస్తారా?"

"చిక్కంతో కోస్తానండీ." చిక్కమంటే గెడ కొసన కట్టిన వలసంచి. "ఇన్నేళ్లలో ఒక్క కాయని నేల తాకనివ్వలేదు."

"తాకితే ఏమవుద్ది?"

"ఆ రోజుకేం తెలీదండీ. పైన మచ్చన్నా ఉండదు. నాలుగోరోజుకి లోపల..."

బల్లమీద రైలు అతని చెయ్యి నాకుతోంది. డాక్టరమ్మ మందులు రాస్తూ తలెత్తలేదు.

ఆ వారమంతా అతను కుక్కని కాయని మోసినట్టే మోశాడు. పాకలో నున్నటి గచ్చుమీద కాలు జారకుండా గోనెసంచులు పరిచాడు. మంచెమీద వరిగడ్డి పరిచి, రైలు ఛాతీకి తువ్వాలు చుట్టి గుంజకి కట్టాడు. అదృష్టం, కోతులు రాలేదు. కేక పెట్టే పని లేకపోవడంతో వారం రోజులు అతని గొంతు అతనికే వినపడలేదు.

తోట గుత్తకి తీసుకున్న వీరరాఘవయ్య మంగళవారం వచ్చి, కట్టేసిన కుక్కని చూసి నవ్వాడు.

"ఏంటి ఆంజనేయులూ, దొరగారికి పడక వేశావా? గురువారం కోత. రోడ్డువైపు రసాలు ముట్టుకోనివ్వకు. కోతుల్ని తోలడానికి పేరు చాలదయ్యా, కుక్క దూకాలి."

"దూకితే నడుము పోద్దండీ."

"కాయ పోతే నువ్వు పోతావు. అది చూసుకో."

బుధవారం మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి కాలుస్తోంది. ఆంజనేయులు రైలు తువ్వాలు విప్పి, తడిపి తలకి చుట్టుకుందామని బోరు దగ్గరికి నడిచాడు. నూరడుగులు. నిమిషం పని. కుక్క నిద్రపోతోంది కదా అనుకున్నాడు.

తువ్వాలు పిండుతుంటే కొమ్మలు ఊగాయి. రోడ్డువైపు రసాలమీద కోతులు, ముప్ఫైకి తక్కువ లేవు.

కేక గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మంచెవైపు చూశాడు.

రైలు లేచి మంచె అంచున నిలబడి ఉంది. ముందుకాళ్లు అంచుమీద, చెవులు నిక్కి, కళ్లు కోతులమీద కాదు, అతనిమీద. కేక కోసం చూస్తోంది. అతను అరిచినా, డబ్బా కొట్టినా, పరుగెత్తినా దూకుతుంది. అలా నేర్పింది అతనే.

ఆంజనేయులు పళ్లు బిగించాడు. తడి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఏమీ జరగనట్టు, బీడీ కోసం వెళ్తున్నవాడిలా నడవసాగాడు. వెనక కాయలు రాలుతున్నాయి. ధబ్. ధబ్. చిక్కంలోకి దించాల్సిన కాయలు. ఒక్కో చప్పుడుకీ రైలు ఒళ్లు ముందుకు వాలుతోంది. ఎనభై అడుగులు. యాభై. కోతుల్లో పెద్దది కిచకిచమంది. రైలు వెనక కాళ్లు ముడిచింది. ఆంజనేయులు దానివైపు చూడలేదు. చూస్తే ఉరికించినట్టే. ఇరవై. పది.

ఒక చెయ్యి ఛాతీ కింద. ఒక చెయ్యి తుంటి కింద.

ఇప్పుడైనా అరవొచ్చు. కానీ అరిస్తే చేతుల్లోనే మెలికలు తిరుగుతుంది. అతను రైలుని గడ్డిమీద పడుకోబెట్టి, వీపుమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. కోతులు మూడు చెట్లు దులిపేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం వీరరాఘవయ్య నేలమీద కాయల్ని చూశాడు.

"కేకైనా వెయ్యలేదా?"

"లేదండీ."

"నోరు పోయిందా?"

వీరరాఘవయ్య సామాను సర్దుకోమన్నాడు.

సామాను ఎంతని. ఒక సంచి, ఒక గిన్నె. పాత మామిడి క్రేటులో వరిగడ్డి మందంగా పరిచి, రసాలు పేర్చే పద్ధతిలోనే నాలుగువైపులా గడ్డి ఎగదోసి, మధ్యలో రైలుని పడుకోబెట్టాడు. క్రేటుని సైకిలు వెనక కట్టాడు. చాట్రాయి వైపు తోటలకి ఆలస్యపు కోతకి మనుషులు కావాలని ఎవరో అన్నారు. అక్కడ తెలిసినవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం ఎవరున్నారు కనక.

రోడ్డుమీద మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆంజనేయులు సైకిలు దిగాడు. ముందు చక్రం ఎక్కించి, దించి, వెనక చక్రాన్ని క్రేటుతో సహా రెండు చేతులా పైకెత్తి అవతల మెల్లగా ఆనించాడు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

"అయిపోయిందిలే," అన్నాడు ఆంజనేయులు గడ్డిలోకి వంగి. ఆ రోజు కుక్కతో అతను ఆడిన మొదటి మాట. గొంతు బొంగురుపోయి ఉంది.

మళ్లీ సైకిలెక్కాడు. చాట్రాయి దాకా ఇంకెన్ని ఉన్నాయో.