నలభై మూడు ఫోన్లకు ఒకటే ఖాతా

పళ్ల బ్రష్షును థిన్నరులో ముంచి, చోటే సాబ్ ఒక ఫోను చార్జింగు రంధ్రంలోంచి పత్తి నుసి తీస్తున్నాడు. పత్తి మిల్లుల ఆదోనిలో ఏ ఫోను విప్పినా ఇంత పత్తి ఉంటుంది. అరవై దాటాక చేతులు వణకడం మొదలైంది గానీ, పనిముట్టు పడితే బుద్ధిగా నిలబడతాయి. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన చేతులవి. గడియారాలు పోయాక రేడియోలు, రేడియోలు పోయాక ఫోన్లు. దుకాణం వెంకటేశులుది, అందులో స్టూలు మాత్రం చోటే సాబ్‌ది. పొద్దున ఎనిమిది బస్సుకు ఎమ్మిగనూరు నుంచి రావడం, సాయంత్రం ఆరు బస్సుకు పోవడం. ఇరవై ఏళ్లలో ఆయన గురించి చెప్పుకోదగ్గది ఒక్కటీ జరగలేదు. జరగలేదని ఆయనకు బెంగా లేదు.

పదిగంటలకు కోసిగి నుంచి ఈరమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి, పాతికేళ్లుంటాయి. పాత ఫోను నిన్న నీళ్లతొట్టిలో పడి చచ్చిందట. ఎవరో వాడేసిన ఫోను ఒకటి కొనుక్కొచ్చింది.

"సాబన్నా, మా జ్యోతి బొమ్మలు దీంట్లోకి దించియ్యి. ఫోను పోయినా బొమ్మలు పైన బద్రంగా ఉంటాయంటివి కదా."

జ్యోతి ఆమె కూతురు. నిరుడు మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు పోయినప్పుడు గుడారంలో జ్వరమొచ్చి నాలుగేళ్లకే పోయింది. ఆ బిడ్డ ఫోటోలు ఇంకెక్కడా లేవు.

చోటే సాబ్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఈమెయిలు ఉండదు. అది లేకపోతే కొత్త ఫోను పనిచేయదు. ఒక్కొక్కరికి ఒక్కోటి చేసిస్తే వారం తిరక్కముందే పాస్‌వర్డు మరిచి మళ్లీ వస్తారు. అందుకని తన ఖాతానే అందరి ఫోన్లలో వేసేశాడు. అలా నలభై మూడు ఫోన్లయ్యాయి. పాస్‌వర్డు ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. డిసెంబరులో ఆ ఖాతా నిండిపోయింది. పాతవి తీసేస్తే పోలా అనుకున్నాడు. మిరపతోటలు, మేకలు, పొరపాటున వేలు తగిలి పడిన నేల ఫోటోలు. సరిగా చూడకుండా అన్నీ కలిపి తీసేశాడు. ఇద్దరు వచ్చి అడిగితే నెట్ బాగలేదని అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసి, చివరికి తన ఫోనులోంచి ఆ ఖాతానే తొలగించాడు.

తీసేసినవి అరవై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తీసింది డిసెంబరు పది. ఈరోజు ఫిబ్రవరి ఎనిమిది. ఇదే అరవయ్యో రోజు.

"ఉండాయా అన్నా?"

ఈసారి నెట్ పేరు చెప్పడానికి నోరు రాలేదు. "నేనే తీసేసినానమ్మా. మీ పాప ఉందని సూడలేదు."

ఈరమ్మ ఫోనును ఆయన ముందుకు తోసింది. తిట్టినా బాగుండేది. "యాడుండాయో ఎదుకు," అంది.

పాస్‌వర్డు కొడితే ఖాతా నమ్మలేదు. ఆయన పాత నంబరుకు పంపిన అంకెలు చెప్పమంది. ఆ సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో మూలపడింది. అది కాకుంటే, ఇదే ఖాతా ఉన్న ఇంకో ఫోనులో అవునని నొక్కమంది. అలాంటి ఫోన్లకేం తక్కువ! కానీ జనమంతా సుగ్గికని, మిరప కోతలకు, గుంటూరు వైపు కూలికి పోయారు. మద్దయ్య ఫోను స్విచ్ఛాఫ్. దేవేంద్రప్పకు సిగ్నలు లేదు. ఉరుకుందు ఎత్తాడు గానీ ఆ ఫోను అమ్మేసుకున్నాడు. మధ్యాహ్నం దాటింది. రొట్టె మూట విప్పలేదు. ఒక్కో నంబరూ మోగి ఆగిపోతుంటే చోటే సాబ్ తరువాతి నంబరు కొడుతున్నాడు. ఈరమ్మ గోడకానుకుని కూర్చుని కన్నార్పకుండా ఆయన వేళ్లనే చూస్తోంది.

మూడున్నరకు మిరపతోటలోంచి భీమమ్మ ఎత్తింది.

"ఫోన్లో ఏందో అడుగుతాందప్పా. నేను నొక్కను. ఎవురు సెప్పినా నొక్కొద్దని మేస్త్రి సెప్పినాడు, దుడ్లు పోతాయంట."

ఈరమ్మ ఫోను లాక్కుంది. "పెద్దమ్మా, నేను ఈరమ్మను. దాంట్లో మా జ్యోతి ఉండాది. నొక్కు."

నిరుడు పక్క గుడారం భీమమ్మదే. "మూడు నంబర్లు ఉండాయే. ఏది నొక్కల్ల?"

"నలభై ఏడు," అని తన ముందున్న తెర మీది అంకె చూసి అరిచాడు చోటే సాబ్.

"నాలుగు, పక్కన ఏడు. నొక్కినా."

తెరుచుకుంది. చెత్తబుట్టలో వేల ఫోటోలు, ఒక్కోదానికీ మిగిలింది ఈ ఒక్క రోజే. ఆయన భార్య నజ్మా ఫోటోకు ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడామె ముఖం గుర్తుతెచ్చుకోవాలంటే కళ్లు మూసుకుని కూర్చోవాలి, ఒక్కోసారి అలా కూర్చున్నా రాదు. అందుకే ఒక్కటీ వదలకుండా అన్నిటినీ వెనక్కి తెచ్చాడు. చిన్న వీడియో ఒకటి కదిలింది. మిరపకాయల కుప్ప పక్కన జ్యోతి నాలుక బయటపెట్టి "మంట, మంట" అని నవ్వుతోంది.

ఈరమ్మ చూడలేకపోయింది. ఫోనును చెవికి ఆనించుకుని వింది, మళ్లీ మళ్లీ వింది.

ఆమె పేరు మీద వేరే ఖాతా చేసి, బిడ్డ ఫోటోలన్నీ అందులోకి మార్చి ఇచ్చేసరికి అయిదు దాటింది. "అందరివీ ఇట్లే సేసి ఇస్తానమ్మా, రేపట్నుంచి అదే పని," అన్నాడు. ఆమె వెళ్లాక నోటుపుస్తకం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాడు. బస్సు వేళయింది.

ఎమ్మిగనూరులో అందరూ దిగారు. కిటికీ పక్కన చోటే సాబ్ దిగలేదు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం మీద చెయ్యి వేశాడు.

మరునాడు చోటే సాబ్ అంత్యక్రియలకు పోయివచ్చి వెంకటేశులు దుకాణం ఆలస్యంగా తెరిచాడు. బల్ల మీద నోటుపుస్తకం తెరిచే ఉంది. ఒకటి నుంచి నలభై మూడు దాకా వరుసగా అంకెలు, మొదటిదాని పక్కన ఈరమ్మ, కోసిగి అని రాసి ఒక టిక్కు, రెండోదాని పక్కన భీమమ్మ పేరు, ఆ కిందంతా ఉత్త అంకెలే.