మూడు టైర్ల లారీ

తిరువూరు బస్టాండు వెనక ముప్పై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసిన మదార్‌కి, షాపు మూసేశాక పట్టుకున్న పిచ్చి ఒక్కటే. పాత బొమ్మ కార్లు పోగెయ్యడం. ప్లాస్టిక్ వాటి జోలికి పోడు. లోహంతో పోత పోసినవి కావాలి, అదీ తను పుట్టిన కాలం నాటివైతేనే చెయ్యి చాస్తాడు. పాత ఇనప సామాన్ల కొట్ల చుట్టూ తిరుగుతాడు, ఎవరింట్లోనన్నా అటక దులుపుతున్నారంటే అక్కడ ప్రత్యక్షమవుతాడు. అలా నూట నలభై దాకా చేరాయి. గదిలో అద్దాల బీరువా చేయించి వరసగా నిలబెట్టాడు. "మనవరాలు ఆడుకోకూడని బొమ్మలు ఇంట్లో ఎందుకో" అని భార్య రహమత్‌బీ దెప్పుతూనే ఉంటుంది.

ఆడుకోకూడదు మరి. కోడలు సబీహా పెట్టిన షరతు అది. ఆర్నెల్ల కిందట చిన్న నాహిద్ ఒక జీపుని నోట్లో పెట్టుకుంటే అంచు తగిలి పెదవి చిట్లింది. సబీహా గొడవ చెయ్యలేదు. పిల్లని తెచ్చి మామ ముందు నిలబెట్టి, "దీని నెత్తి మీద చెయ్యి వేసి చెప్పండి మామా, ఇంకెప్పుడూ వీటిని దీని చేతికివ్వనని" అంది. మదార్ చెయ్యి వేశాడు. "నాహిద్ మీద ఒట్టు" అన్నాడు. మొక్కుబడిగా అన్న మాట కాదది. రెండున్నరేళ్ళ ఆ పిల్లంటే అతనికి ప్రాణమని వీధంతా ఎరుగును.

మరి నిన్న ఎందుకిచ్చాడయ్యా అంటే ఏం చెబుతాం. నిన్న సాయంత్రం సబీహా దారపు రీళ్ళ కోసం బజారుకెళ్ళింది. రహమత్‌బీ డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. నాహిద్ బీరువా అద్దానికి మొహం ఆనించి "దాదా, లారీ" అని రాగం తీసింది.

అది ఎర్రటి చిన్న ఆయిల్ ట్యాంకరు. గంపలగూడెంలో ఒక రైతు ఇంటి అటక మీద దొరికింది, వయసు అరవై పైనే. దొరికినప్పుడే వెనక టైరు ఒకటి లేదు. ఇలాంటివి పోగుచేసేవాళ్ళు దాన్ని అలాగే ఉంచుతారు, ముట్టుకుంటే విలువ పోతుందంటారు. సైకిల్ షాపు చేతులు ఊరుకుంటాయా? సైకిల్ వాల్వుకి తొడిగే సన్నటి రబ్బరు గొట్టం తీసుకుని, ఉంగరంలా చిన్న ముక్క కోసి చక్రానికి ఎక్కించాడు. చక్రం తిరిగింది. వారం నుంచీ అదే మురిపెం.

"అయిదు నిమిషాలే, మీ అమ్మకి చెప్పకు" అని లారీ చేతికిచ్చాడు. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడి వెనక్కి తిరిగేసరికి పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గుతోంది. గబగబా వీపు తట్టాడు. దగ్గు తగ్గింది, కళ్ళు తుడుచుకుని నవ్వింది కూడా. లారీ తీసుకుని బీరువాలో పెట్టబోతూ చూశాడు. వెనక టైరు లేదు.

మంచం కింద చూశాడు. చాప దులిపాడు. టార్చి వేసి మూలమూలా గాలించాడు. ఎక్కడో దొర్లిపోయి ఉంటుంది, రేపు చీపురుకి తగులుతుందిలే అనుకున్నాడు. ఇంకోలా అనుకునే ధైర్యం లేక అలా అనుకున్నాడు. పిల్ల నెత్తిన పెట్టిన చెయ్యి అది. చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే ఇంకా తప్పనట్టే అని అతని పిచ్చి నమ్మకం. గోడ అవతల పిల్ల తెల్లవార్లూ దగ్గుతూనే ఉంది. ఇవతల మదార్ కన్ను మూయలేదు.

పొద్దున్నే ఊళ్ళోనే ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గుండె, ఊపిరి పరీక్ష చేసి, "ఏమైనా మింగిందా అమ్మా? గింజ, పూస, బొత్తాం?" అని అడిగాడు.

"లేదండి. మా ఇంట్లో చిన్న వస్తువేదీ దీనికి అందనివ్వం" అని సబీహా మామ వైపు చూసింది. మదార్ అవునన్నట్టు తల ఊపాడు.

ఎక్స్‌రే తీశారు. ఏమీ కనపడలేదు. జలుబు చేసినట్టుంది, తగ్గకపోతే మళ్ళీ రమ్మని డాక్టరు మందు రాశాడు. సబీహా మొహం తేటపడింది. మదార్ కూడా హమ్మయ్య అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేక, ఎక్స్‌రే తీసినతని దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, "రబ్బరు ముక్కలాంటిదుంటే ఇందులో పడుద్దా?" అని అడిగాడు.

"రబ్బరు సరిగ్గా పడదండి. ఇనుమైతే పడుద్ది. ఎందుకూ?"

"ఊరికే" అన్నాడు మదార్.

ఇంటికొచ్చాక నాహిద్ అతని ఒళ్ళోనే నిద్రపోయింది. వంగి, పిల్ల వీపుకి చెవి ఆనించాడు. ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో చెవితో పట్టడం ఇన్నేళ్ళూ అతని పని. ఎడమ పక్క మామూలుగా ఉంది. కుడి పక్క, ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల. పిల్లని మెల్లగా పడుకోబెట్టి, మిగిలిన రబ్బరు గొట్టం తీసి అదే కొలతకి ఇంకో ఉంగరం కోశాడు. పెదాల మధ్య పెట్టుకుని గాలి లోపలికి పీల్చాడు.

అదే ఈల.

మదార్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఉంగరం మధ్యలో చిల్లుంది కాబట్టి పిల్లకి ఊపిరి ఆడుతోంది. ఏ దగ్గుకో అది అడ్డం తిరిగితే? ఒట్టు, పరువు, కోడలి మొహం, అన్నీ ఎటు పోయాయో పోయాయి. లారీ పట్టుకెళ్ళి సబీహా కుట్టుమిషను మీద పెట్టాడు.

"అమ్మా సబీహా. దీని టైరు నాహిద్ లోపల ఉంది. నేనే ఇచ్చాను."

సబీహా లారీ వైపు చూసింది, మామ వైపు చూసింది. ముందు డాక్టరుకి ఫోను చేసింది. వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నాడాయన. ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు, ఏడవనివ్వొద్దు అని మరీ మరీ చెప్పాడు. తర్వాత మొగుడు పర్వేజ్‌కి చేసింది. అతనిది కిరాయి కారు. పది నిమిషాల్లో వాకిట్లోకి వచ్చేశాడు.

ఎ.కొండూరు దాటేదాకా నాహిద్ బాగానే ఉంది. ఆ తర్వాత నీళ్ళు అడగడం మొదలుపెట్టింది. ఇవ్వకపోయేసరికి కింది పెదవి వణికింది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా పర్వేజ్ కారుని నడక మీదకి తెస్తున్నాడు. పిల్ల ఏడుపుకి నోరు తెరిచింది. "దాదా, లారీ" అంది.

బయల్దేరేటప్పుడు మిషను మీంచి తీసుకున్న లారీ అతని జేబులోనే ఉంది. తియ్యడానికి చెయ్యి రాలేదు. సబీహాయే అతని జేబులోంచి లాగి, తన గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, ముందు చక్రం ఒక్కటీ పిల్ల వేలికి అందేలా పెట్టింది. నాహిద్ ఏడుపు మర్చిపోయి చక్రం తిప్పుతూ కూర్చుంది. మైలవరం దాటారు. ఈల వినపడుతోంది. ఇప్పుడది చెవి ఆనించకుండానే వినపడుతోంది.

పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ వస్తువు ఎలా ఉంటుందని అడిగింది. మదార్ గుప్పిట విప్పి, తను కోసిన రెండో ఉంగరం చూపించాడు. "ఇది తెచ్చి మంచి పని చేశారు. ఏ పరికరానికి చిక్కుతుందో ముందే చూసుకుంటాం" అని తీసుకుంది. "ఎప్పుడు మింగింది?"

పొద్దున డాక్టరు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక అనెయ్యొచ్చు. ఎవరికీ తెలీదు. కానీ లోపలికెళ్ళేది పిల్ల.

"నిన్న సాయంత్రమండి. అయిదింటికి."

సబీహా తల తిప్పి అతని వైపు చూసింది. పొద్దున డాక్టరు ముందు అతను తల ఊపడం ఆమెకి గుర్తొచ్చిందని ఆ చూపులోనే తెలిసింది. తిట్టినా బాగుండేది. పిల్లని లోపలికి తీసుకెళ్ళిన గంటసేపూ ఆమె తలుపు వైపే చూస్తూ నిలబడింది. పర్వేజ్ తండ్రి పక్కన కూర్చోలేదు. మదార్ పెదాలు దువా చదువుతున్నాయి, మాటమాటకీ మధ్యలో తడబడి మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

డాక్టరమ్మ స్టీలు గిన్నెతో బయటికొచ్చింది. అడుగున నల్లటి ఉంగరం ఉంది. "వచ్చేసింది. పిల్ల బాగుంది. ఇంకో పూట ఆగుంటే మాత్రం నేను ఏమీ చెప్పలేకపోయేదాన్ని" అంది.

సాయంత్రానికి నాహిద్‌ని మంచం మీదకి తెచ్చారు. మత్తులోనే తాతని గుర్తుపట్టి, గొంతు బొంగురుపోయి, "దాదా" అంది. మదార్‌కి దుఃఖం ఆగలేదు.

"బీరువా రేపే ఖాళీ చేస్తానమ్మా. ఒక్క బొమ్మ ఇంట్లో ఉంచను" అంటూ, అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. "నాహిద్ మీద..."

పిల్ల తలకి జానెడు దూరంలో సబీహా ఆ చేతిని పట్టుకుని ఆపేసింది.

"దీని మీద వద్దు మామా" అంది. "మీరేమన్నా చెప్పండి, వింటాను. దీని మీద మాత్రం ఇంకెప్పుడూ వద్దు."