లోపలి గడియ

మా అత్త రాఘవమ్మకు "అమ్మా, తెరువు" అని వినపడిందట. సామాన్ల గదిలో గడియ బిగుసుకుపోయి నేను ఇరుక్కున్నానని, ఏడుస్తూ తలుపు తెరవమంటున్నానని ఆమె వీధిలోకి పరుగెత్తింది. పక్కింట్లో జాకెట్లు కుట్టే మాబూబీ మిషను ఆపి వచ్చింది. మా ఆయన కోటేశ్వర్లు దుకాణం నుంచి సుత్తి, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. మార్కాపురంలో మాది ఇనప సామాన్ల దుకాణం. తలుపు పగలగొట్టడానికి మా ఇంట్లో దేనికీ కరువు లేదు.

నేనన్న మాట అది కాదు. "అమతెరసు" అన్నాను. అదొక దేవత పేరు.

మా అమ్మాయి హరిత హైదరాబాదులో పనిచేస్తుంది. ఫోన్లలో ఆడుకునే ఆటలకు తెలుగు మాటలు పెట్టే కంపెనీ. కొత్త ఆటలో జపాను వాళ్ళ సూర్యదేవత ఉందని చెప్పింది. సూర్యుడు మగవాడు గదే అన్నాను. వాళ్ళకు ఆడదేనమ్మా అంది. అందరికంటే ముందు లేచి, ప్రతి ఇంటికీ వెళ్ళి, తన పేరు పెట్టిన ఆదివారం కూడా సెలవు లేకుండా పనిచేస్తుంటే ఆడదే అయ్యుంటుంది, మనవాళ్ళే పొరపాటు పడ్డారన్నాను. హరిత పగలబడి నవ్వింది. నేను నోరు విప్పితే ఎవరైనా నవ్వుతారు.

ఆ దేవత మగ్గాల గదిలో ఉండగా తమ్ముడు పైకప్పు బద్దలుకొట్టి, తోలు ఒలిచిన గుర్రాన్ని లోపలికి విసిరాడట. ఆమె ఏమీ అనకుండా గుహలోకి పోయి బండ అడ్డం పెట్టుకుందట. లోకమంతా చీకటి. ఆడేవాళ్ళు ఆమెను బయటికి రప్పించాలి. డాన్సులు చేయాలి, అద్దం చూపించాలి, కోళ్ళను కూయించాలి.

"మా సారుకు నీ వాయిస్ మెసేజీలు వినిపించినా. ఆ దేవతకు నీ గొంతే కావాలన్నాడమ్మా."

"నా గొంతా? కంభం దాకా వినపడే మైకు అంటాడు గదే మీ నాయన."

"నవ్వించేది కాదు. గుహలో ఏడుపు. నీకు వస్తుందా?"

రాదనే అనుకున్నాను. ఈ ఇంట్లో నా ఉద్యోగం నవ్వించడం. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను, మేకులు తూచేది నేను. బోర్డు మీద మాత్రం కోటేశ్వర్లు అండ్ సన్స్. మాకు కొడుకులే లేరు. మేకుల దుకాణంలో మేకను నేనే, ఎవరు ఆకు చూపిస్తే అటు పోతానంటాను. వచ్చినవాళ్ళు నవ్వుతూ నాలుగు మేకులు ఎక్కువే కొంటారు. మా కోడలుంటే కరెంటు పోయినా తెలీదని అత్త నలుగురిలో గొప్పగా చెబుతుంది. గిద్దలూరులో మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ ముగించుకుని బస్సు దిగి వచ్చేసరికి ఇంట్లో ఆడబిడ్డ వియ్యాలవారు కూర్చుని ఉన్నారు. చీర మార్చుకుని పెసరట్లు పోశాను. అత్త వంటగదిలోకి వచ్చి, "జ్యోతీ, నువ్వు ఇట్ల మూతి ముడుచుకుంటే ఇల్లంతా చీకటిగా ఉందే. వచ్చినోళ్ళు ఏమనుకుంటారు. ఏదన్నా ఒక మాట అను" అంది. ప్రేమగానే అంది. నేనూ అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు గానీ అందరూ నవ్వారు. "చూసినారా, మా రేడియో రిపేరయింది" అని మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. అమ్మ కోసం ఏడవాల్సిన ఏడుపును ఆ పెసరట్ల పెనం దగ్గరే ఎక్కడో పెట్టి మరిచిపోయాను.

ఇవాళ వంట ముగించి, ఫోను తీసుకుని సామాన్ల గదిలోకి వెళ్ళాను. బొంతల మధ్య అయితే గొంతు బాగా పడుతుందని హరిత చెప్పింది. లోపలి గడియ వేసుకున్నాను. గడియ పెట్టుకుంటే గానీ ఆడదానికి ఒక గడియ దొరకదని నాలో నేనే అనుకున్నాను. నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు.

"నేను అమతెరసును" అనాలి. చేతికింద ఉన్నది అమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంత. ఆకుపచ్చ చీర ముక్క మీద చెయ్యి పడింది. నోరు తిరగాలని పేరు పదేపదే పలుకుతుంటే ఒకసారి అది అమ దగ్గర ఆగిపోయి అమ్మా అయింది. ఆ తర్వాత ఫోను ఎక్కడుందో చూడలేదు.

అప్పుడు తలుపు మీద దెబ్బలు.

"జ్యోతీ, భయపడొద్దే, వచ్చినాం."

"అక్కా, గాలాడుతుందా లోపల?" ఇది మాబూబీ.

"గడియ పైకెత్తి లాగు. పైకెత్తి, అబ్బా, ఎత్తి లాగు." ఇది మా ఆయన.

తీశాను. అత్త నా మొహమంతా తడిమింది. "నా తల్లి, ఎంత భయపడినావో. కళ్ళు చూడు ఎట్లయినాయో. పొద్దెక్కింది, ఇంక అన్నాలు పెట్టు."

"గడియకు ఇంత ఏడుపు ఏందే?" అన్నాడు మా ఆయన. "మళ్ళా ఇట్ల కాకుండా దీన్ని పీకేస్తా." వెంటనే స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు.

దేవత బయటికి వచ్చాక ఏమైందని మొన్న ఫోన్లో హరితను అడిగాను. తమ్ముణ్ణి వెళ్ళగొట్టారట. ఆమె మళ్ళీ లోపలికి పోకుండా గుహకు అడ్డంగా తాడు కట్టారట. లోపల ఎందుకు కూర్చున్నావని ఎవరన్నా అడిగారా అంటే, అది ఆటలో లేదమ్మా అంది.

గడియ ఊడివచ్చింది. చెయ్యి చాపాను. దుకాణంలో పెట్టడానికేమో అనుకుని ఇచ్చాడు. స్క్రూడ్రైవరు కూడా అడిగి తీసుకున్నాను. గడియను పాత గుర్తుల మీదే ఆనించి మొదటి స్క్రూ తిప్పాను. ఇన్నేళ్ళుగా ఊరందరికీ ఇవి అమ్ముతున్నాను, నా కోసం ఒకటి బిగించుకోవడం ఇదే మొదలు.

"ఏందే అది, మళ్ళా ఇరుక్కుంటావు" అంది అత్త.

"ఊరుకోమ్మా, ఇప్పుడొక జోకు వేస్తుంది చూడు" అన్నాడు మా ఆయన. ఇద్దరి మొహాలూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. మాబూబీ మాత్రం నా కళ్ళలోకి చూస్తోంది.

చివరి స్క్రూ బిగించి స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చాను.

"నేను ఇరుక్కోలేదత్తా. తెరువు అని కూడా అనలేదు. అమతెరసు అన్నా. జపాను దేవత పేరు అది, హరిత వాళ్ళ ఆటలో ఆమెకు నా గొంతు ఇస్తున్నా. నీకు వెనక మాట తప్పు వినపడింది. ముందుది మటుకు సరిగ్గానే విన్నావు. అమ్మా అనే అన్నా. మా అమ్మను."

ఎవరూ నవ్వలేదు.

"అన్నం, పప్పు పొయ్యి పక్కన ఉన్నాయి. పెట్టుకుని తినండి. నాకింకా కాలేదు."

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.