స్టూలు రెండు వేళ్లు జరిపాను

కారు చక్రాలను దారం కట్టి కొలుస్తారని మా అమ్మాయి షెడ్డు పెట్టేదాకా నాకు తెలియదు. ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో అమ్మాయి, అల్లుడు కలిసి పాత కార్లు బాగుచేస్తారు. మెకానిక్కు మా అమ్మాయే. అతను మందుల షాపులో ఉద్యోగం మానేసి ఆమెకు తోడుగా వచ్చాడు. అతను మానేసిన రోజున నాకు జ్వరం వచ్చినంత పనైంది. అప్పటినుంచి అతను స్పానరు పట్టుకుంటే చాలు, అది జారి ఎవరి కాలి మీద పడుతుందోనని చూస్తుంటాను.

ఆ రోజు షెడ్డులో ఉన్నది రిటైరైన పళ్ల డాక్టరుగారి కారు. మా అమ్మాయికంటే వయసులో పెద్దది. దాని వెనక చక్రాలు నేరుగా ఉన్నాయో లేదో చూడాలి. కారుకు రెండు పక్కలా, ముందొకటి వెనకొకటి స్టూళ్లు పెట్టి, చేపలు పట్టే దారం బిగించి కట్టారు. దారం వంకర పోకుండా, కారుకు ముందూ వెనకా సమాన దూరంలో ఉండేలా అటూ ఇటూ కొలిచి నిలబెట్టడానికే గంట పట్టింది. ఆ తర్వాత దారం నుంచి చక్రం ముందంచుకు ఎంత దూరమో, వెనకంచుకు ఎంత దూరమో స్కేలుతో చూస్తారు. రెండూ ఒకటే అయితే చక్రం నేరుగా ఉన్నట్టు.

అల్లుడు నేలమీద బోర్లా పడుకుని చూశాడు. "ఎడమది సరిగ్గా ఉంది" అని కాగితం మీద రాశాడు. ఇద్దరూ టీకి లోపలికి వచ్చారు.

వాళ్లకు టీ ఇచ్చి, బట్టలు ఆరేయడానికి బకెట్టుతో షెడ్డులోంచి వెళ్లాను. ఎడమవైపు ముందు స్టూలు సరిగ్గా నడిచే దారిలో ఉంది. ఎవరైనా తన్నుకుని పడితే? తల వెళ్లి పక్కనున్న ఇనుప బల్లకు కొట్టుకుంటే? రక్తం కూడా కనిపించింది నాకు. బకెట్టు దించి, స్టూలును కారు వైపు రెండు వేళ్లంత జరిపాను. దారం వదులైనట్టు అనిపించి, విప్పి మళ్లీ గట్టిగా ముడేశాను. ఒక ప్రమాదం తప్పించానన్న తృప్తితో బట్టలు ఆరేసుకున్నాను.

వెనక్కి వచ్చేసరికి అమ్మాయి చక్రం దగ్గర మోకాళ్ల మీద ఉంది.

"ఇదేంటి? రెండు మిల్లీమీటర్లు తేడా. చక్రం ముందువైపు బయటికి తిరిగి ఉంది."

"నేను చూసినప్పుడు ఒకటే ఉందే" అన్నాడు అల్లుడు.

"మందు సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు చదివేవాడివి, మిల్లీమీటర్లు కనపడలేదా?"

"కనపడ్డాయి. రాశాను కూడా."

"రాయడానికేం, నా తలరాత కూడా రాసేస్తావు!"

స్టూలు వైపు చూశాను, ముడి వైపు చూశాను. చెప్పాలనే నోరు తెరిచాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"కాస్త శ్రద్ధగా చూడాల్సింది బాబూ."

అతను నా వంక చూశాడు.

"ఇకమీదట కొలతల జోలికి రాకు. లైటు పట్టుకో, చాలు" అంది అమ్మాయి.

పట్టుకున్నాడు. ఆమె కారు కిందకు దూరి, చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కమ్మీ దగ్గర చక్రం వంపు సరిచేసే సన్నని రేకు బిళ్లలు తీసి, పెట్టి, బోల్టులు బిగించింది. సరిగ్గా ఉన్న చక్రాన్ని నా కళ్లముందే వంకర చేసింది. నేను గుమ్మంలో నిలబడి పైట కొంగు పిండుతూ ఉన్నాను. కూతురు తిడుతుందన్న భయం కాదు. నేను కదిపానంటే, ఇన్నాళ్లూ ఇతనికి శ్రద్ధ లేదన్న నా మాట ఏమౌతుంది? ఆ ఆలోచన వచ్చిందని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

స్టూళ్లు తీయబోతూ, "ఒక చుట్టు నడిపి చూద్దాం, ఎక్కు" అంది అమ్మాయి.

అంతే. వంకర చక్రం, మలుపు, ఎదురుగా లారీ, ఇద్దరూ ఒకే కారులో. "ఆగండి!" అని అరిచాను. "ఆ స్టూలు నేను జరిపాను. ముడి కూడా నేనే వేశాను."

అమ్మాయి స్కేలు తీసుకుని ముందు చక్రం దగ్గర దారం ఎంత దూరంలో ఉందో కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది. "ఎప్పుడమ్మా?"

"మీరు టీ తాగుతున్నప్పుడు."

"మరి నేను ఇతన్ని అన్ని మాటలంటుంటే విన్నావు కదా?"

"విన్నాను."

అమ్మాయి అతని వైపు తిరిగింది. "సారీ. నా నోటికి తాళం వెయ్యాలి."

"తాళం ఎందుకులే, నీతో నాకిది అలవాటే" అని నవ్వాడు. నవ్వు అయ్యాక నా వైపు చూశాడు. "స్టూలు ఎవరైనా జరుపుతారు అత్తయ్యా. కానీ ఆ శ్రద్ధ మాట అన్నారు చూడండి..." అక్కడితో ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన వేళ్లే మళ్లీ తుడిచాడు.

"అనకూడదు బాబూ. తెలిసే అన్నాను" అన్నాను.

అతను స్టూలు పాత చోటికి జరిపి, దారం సరిచేసి, అమ్మాయి రేకు బిళ్లలు మళ్లీ ఎప్పటిలా పెట్టాక, నేలమీద పడుకున్నాడు.

"ముందు ఎంత?" అంది అమ్మాయి.

చెప్పాడు.

"వెనక?"

అదే అంకె చెప్పాడు. ఆమె తన స్కేలు తీయలేదు. వంగి చూడను కూడా లేదు. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నేను మాత్రం ఆ గుమ్మంలోనే, లోపలికి పోలేక, షెడ్డులోకి రాలేక నిలబడిపోయాను.